కోపం పక్కన సీటు

బస్సు కదిలింది కాబట్టి ఇక బోధన్ వచ్చేదాకా ఏమీ చెప్పక్కర్లేదు అనుకుంది అఖిల. అనుకున్న మరుక్షణమే ఆ ఊరట మీద తనకే రోత పుట్టింది. కిటికీ పక్కన కూర్చున్న కూతురు సంజన కండక్టర్ ఇచ్చిన, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టును మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడతలు పెడుతోంది. ఏడేళ్ల వేళ్లు, గోళ్ల చివర స్కెచ్ పెన్ను రంగు, మడత అంచుకు అంచు కలవనప్పుడల్లా బిగుసుకునే పెదవి. ఈ మధ్య అఖిల చూపంతా ఆ పెదవి మీదే ఉంటోంది, కళ్లంలో వడ్లు పోసుకున్న రైతు మాటిమాటికీ మబ్బు వైపు చూసినట్టు. పొద్దున లేవగానే తాతింటికి పోతున్నం అని చెప్పింది. అది అబద్ధం కాదు. తాతింటికే పోతున్నారు. పోయేది ఇద్దరు, తిరిగి వచ్చేది ఒక్కరు అన్న ముక్క మాత్రం చెప్పలేదు. బస్సులో చెబుదాం అనుకుంది, బస్సెక్కాక ఇంత జనంలో ఎలా అనుకుంది, బోధన్‌లో దిగి చెరుకు రసం తాగించి నెమ్మదిగా చెబుదాం అనుకుంది, అసలు చెప్పకుండా, పిల్ల పెరట్లో ఆడుకుంటున్నప్పుడు ముందు వాకిట్లోంచి జారుకుంటే ఎలా ఉంటుందని కూడా ఒక్క క్షణం అనుకుని, ఆ ఆలోచనను పక్కవాళ్లెవరైనా చూశారేమోనన్నట్టు కొంగు సర్దుకుంది.

బస్టాండు దాటి మలుపు తిరిగేసరికి గంజ్ మార్కెట్ వైపు నుంచి పసుపు వాసన వచ్చింది. మార్చి నెల కదా, ఏర్గట్ల నుంచీ ముప్కాల్ నుంచీ బండ్లు వచ్చి దిగుతుంటాయి, ఊరంతా ముక్కులో ఘాటుగా గుచ్చుకుంటుంది. ఆ వాసనతోపాటే దిలీప్ నుదురు గుర్తొచ్చింది, కనుబొమ్మ మీద బడిలో ఆయమ్మ అద్దిన పసుపు, దాని కింద నుంచి ఉబ్బివచ్చిన బొప్పి. సంజన క్లాసు పిల్లాడే, రెండో తరగతి. కాగితంతో పువ్వు కత్తిరించమన్నారట. అందరివీ పువ్వులయ్యాయి, సంజనది మధ్యకు చిరిగింది, ఇంకో కాగితం ఇచ్చారు, అదీ చిరిగింది, మళ్లీ ఇస్తే మళ్లీ చిరిగింది, అప్పుడు పక్కనున్న దిలీప్ నవ్వాడు. ఎగతాళికి నవ్వాడో, పిల్లలు ఊరికే నవ్వినట్టు నవ్వాడో ఎవరికి తెలుసు. చేతికందిన స్టీలు నీళ్ల సీసాతో కొట్టింది. కన్నుకు ఇంత దూరంలో తగిలిందమ్మా అని ప్రిన్సిపల్ రెండు వేళ్లు దగ్గర పెట్టి ఆ దూరం చూపించాడు. కొరికినప్పుడు ఊరుకున్నాం, జుట్టు పీకినప్పుడు ఊరుకున్నాం, ఒక వారం ఇంట్లో పెట్టుకోండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ ‘చూద్దాం’ అన్న మాట రాత్రంతా ఆమె చెవిలో దోమలా తిరిగింది. దిలీప్ వాళ్లమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది, కొడుకును చంకనెత్తుకుని పోతూ పోతూ సంజన వైపు చూసింది, పిల్లను చూసినట్టు కాదు, గొలుసు తెంపుకున్న దాన్ని చూసినట్టు, తర్వాత అదే చూపుతో అఖిలను చూసింది.

భర్త రాజశేఖర్‌కు ఫోన్ చేస్తే హార్వెస్టర్ మీద ఉన్నాడు. కోటగిరి వైపు యాసంగి వరి కోతలు అందరికంటే ముందే మొదలవుతాయి, ఈ నెలన్నర అతనికి ఇల్లు ఉండదు, మడి నుంచి మడికి, ఊరి నుంచి ఊరికి మిషన్ నడుపుతూ పొలం గట్టు మీదే తిని గట్టు మీదే పడుకుంటాడు. జరిగిందంతా విని, కొన్ని దినాలు మీ బాపు దగ్గర ఉంచు, ఆయన కండ్లు చూస్తెనే సల్లబడ్తది అన్నాడు. మిషన్ చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది కాబట్టి అది తీర్పులా వినిపించింది. మామూలు గొంతుతో అని ఉంటే బహుశా వేడుకోలులా వినిపించేదేమో. అతను చెడ్డవాడు కాదు. ఇంట్లో ఉన్న రోజుల్లో పిల్లను భుజాల మీద కూర్చోబెట్టుకుని గాంధీచౌక్ దాకా తిప్పుకొస్తాడు. కానీ పిల్ల నేల మీద పడి కాళ్లు కొట్టుకునే వేళ అతనికి ఏం చేయాలో తోచదు, తోచనప్పుడు చేయి లేస్తుంది, దెబ్బ పడ్డాక పిల్ల ఎక్కెక్కి ఏడ్చి పడుకుంటుంది, అతను బయటికి పోయి వాకిట్లో నిలబడతాడు. సరే అంది అఖిల ఫోన్లో. ఎందుకు సరే అంది? అలసిపోయింది, అందుకు. ఒక్క వారం, ఫోన్ మోగినప్పుడల్లా బడి నుంచేమోనని గుండె జారిపోకుండా, ఒక్క వారం నిద్రపోవాలనిపించింది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా ఇప్పుడే, అర్సపల్లి దాటుతున్న ఈ బస్సులోనే చెప్పుకుంది.

ఈ కోపం మొదటిసారి ఎప్పుడు వచ్చింది? సంజనకు రెండేళ్లు కూడా నిండలేదు అప్పుడు, ఉప్పు డబ్బా మూత పెడుతోంది, మూత తిరగేసి ఉంది కాబట్టి పట్టదు, పట్టదని దానికి తెలియదు, నొక్కింది, మళ్లీ నొక్కింది, మొహం ఎర్రబడింది, అఖిల నవ్వుతూనే చూస్తోంది, అంతలో పిల్ల తన ముంజేతిని తానే కొరుక్కుంది. చిన్న చిన్న పాలపళ్ల గుర్తులు, గుండ్రంగా, గాజు అచ్చు వేసినట్టు. అందరూ ఇప్పుడు చెప్పేది అది వేరేవాళ్లను కొరుకుతుందని, కొడుతుందని. అది మొదట కొరికింది తనను తానే అన్నది అఖిల ఒక్కతికే తెలుసు. ఆ మాట ఆమె చెప్పింది బడిలో సుచిత్ర టీచర్‌కు ఒక్కరికే. సుచిత్ర వాళ్లది బోధన్ పక్కన కాలువ కింద క్యాంపు, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం, మాటలో ఇంకా ఆ ‘అండీ’ పోలేదు. తుపాను మధ్యలో ఉన్నప్పుడు మీరు చెప్పేవేవీ దానికి వినపడవండీ, బుద్ధులు తర్వాత చెప్పొచ్చు, ముందు పక్కన కూర్చోండి, అంతే, అంది. కొట్టాలనిపించినప్పుడు గోడను తొయ్యమనండి, రెండు అరచేతులూ ఆనించి, ఎంత బలముంటే అంత, గోడకేం కాదు కదా, అని కూడా అంది. ఇంటికొచ్చి నేర్పితే మొదటిసారి పనిచేసింది, పిల్ల గోడను తోసి తోసి ఆయాసపడి, గోడ జరగలేదు మమ్మీ అని నవ్వింది. రెండోసారి గోడను తొయ్యమంటే గోడకున్న క్యాలెండర్ చింపేసింది. ఆ తర్వాత ఆ పని ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో అఖిలకు అంతు పట్టలేదు. పని మధ్యలో, కుక్కర్ కూస్తున్నప్పుడు, పక్కింటి వాళ్లు తలుపు తీసి చూస్తున్నప్పుడు, పక్కన కూర్చోవడం అంత సులువైన పని కాదు. కొట్టడం ఒక్క క్షణంలో అయిపోతుంది.

అచ్చం వాళ్ల తాతే, అంటారు ఊళ్లో సంజనను చూసి. ముక్కు కాదు, రంగు కాదు, కోపం. అఖిల బాపు, అంటే ఆమె తండ్రి, పేరు భోజన్న, బోధన్ నుంచి కోటగిరి పోయే దారిలో ఊరు, అప్పట్లో చెరుకు రైతు, ఇప్పుడు ఆ మడులన్నీ వరే, చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరుకు వేసేవాళ్లు తగ్గిపోయారు. కానీ అఖిల కళ్లు మూసుకుంటే ఆ పొలంలో ఇప్పటికీ చెరుకే ఉంటుంది, మనిషి మునిగేంత ఎత్తు, గాలికి గరగరమనే ఆకు. మోటరు కాలిన రోజు. చెరుకు ఆకు చివర్లు ఎండుతున్నాయి, మెకానిక్ రాలేదు, బాపు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, పప్పులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో, కంచం తీసి విసిరాడు. అది గోడకు తగిలి గింగిరాలు తిరుగుతూ చాలాసేపు మోగింది. అమ్మ వంగి మెతుకులు ఏరింది, ఒక్కో మెతుకూ, తల ఎత్తకుండా. అఖిల మనిషెత్తు వడ్ల గుమ్మి వెనక నిలబడి ఊపిరి బిగబట్టింది, ఆమెకప్పుడు సంజనంత వయసు. బాపు కొట్టింది తక్కువ, చాలా తక్కువ, కానీ ఇల్లంతా ఆయన చెప్పుల చప్పుడును బట్టే నడిచేది, నవ్వుతున్నవాళ్లు ఆగేవాళ్లు, రేడియో ఆగేది. కోపం వచ్చినాక ఆయన లేచి చెరుకులోకి పోయేవాడు. ఎంతసేపో లోపల. వచ్చేటప్పుడు చేతిలో ఒక గడ ఉండేది, అరుగు మీద కూర్చుని పళ్లతో పొట్టు చీల్చి, ముక్కలు విరిచి, గుమ్మి దగ్గరికి వచ్చి ఏమీ అనకుండా అఖిల చేతిలో పెట్టేవాడు. ఆ చెరుకు తియ్యగానే ఉండేది. అదే ఆమెకు ఎప్పటికీ అర్థం కాలేదు. భయం ఇంకా పోకముందే నాలుకకు తీపి తెలియడం.

అఖిల ఎంత నిమ్మలమో, అనేవాళ్లు అందరూ, ఆ పిల్లకు కోపమంటేనే తెల్వది అని. అది మెప్పు అనుకుని పెరిగింది. కోపం తెలియకపోవడం కాదు, గుమ్మి వెనక నిలబడి దాన్ని మింగడం నేర్చుకుంది, ఎంత బాగా నేర్చుకుందంటే పెళ్లయ్యాక కూడా, చెయ్యి కాలినా, మాట పడినా, మొహం మీద గీత కూడా కదలదు. సంజన నేల మీద పడి కేకలు పెట్టినప్పుడు అఖిలకు కలిగే భయంలో ఇంకోటి కలిసి ఉంటుంది, దాని పేరు ఆమె ఇంతవరకు తీయలేదు. కొంచెం ఈర్ష్య. తాను ఒక్కసారి కూడా విసరని కంచాలన్నీ ఈ పిల్ల విసురుతోందని. ఇప్పుడు ఆ పిల్లను తీసుకుపోయి అదే ఇంట్లో, అదే మనిషి చూపు కింద పెట్టి రావాలి. బాపు మెత్తబడ్డాడు, వయసు మీద పడింది, గొంతు తగ్గింది, అని తనకు తాను చెప్పుకుంటోంది. గుమ్మి కూడా లేదిప్పుడు, అమ్మేశారు. మరి ఈ పిల్ల ఎక్కడ దాక్కుంటుంది?

జానకంపేట దగ్గర రైలు గేటు పడింది. బస్సు ఆగి ఇంజిన్ ఆపేసేసరికి ఒక్కసారిగా ఎండ లోపలికి వచ్చి కూర్చున్నట్టయింది, జనం విసురుకోవడం మొదలుపెట్టారు, ముందు సీటులో ఒక పెద్దామె ఒడిలో సంచీ పెట్టుకుని తల ఊపుతూ కునుకు తీస్తోంది, బయట ఎవడో కీరదోసకాయ ముక్కలు అమ్ముతున్నాడు. ఆకలైతుంది మమ్మీ, అంది సంజన. బిస్కెట్లు బ్యాగ్‌లో ఉన్నయి తీసుకో అంది అఖిల, గేటు అవతల పట్టాల వైపు చూస్తూ, ఆలోచన ఇంకా గుమ్మి దగ్గరే ఉంది, ఏమన్నదో ఆమెకే తెలియదు. జిప్పు చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ వినిపించలేదు. ఆ నిశ్శబ్దం ఎక్కువైందని అఖిల తల తిప్పేసరికి పిల్ల బ్యాగ్ నోరు రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుని లోపలికి చూస్తోంది. పసుపుపచ్చ గౌను, బడి యూనిఫాం, లోపలి బట్టలు, పక్కలో పెట్టుకుని పడుకునే పాత తువాలు.

“మమ్మీ, నీ బట్టలేవి?”

అఖిల బ్యాగ్ మూయబోయింది.

“అన్నీ నాయే ఉన్నయ్. నీయి ఒక్కటి గూడ లేవు.”

ఆ పెదవి బిగుసుకుంది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే, ఏదో ఒకటి, అని అఖిల లోపల పరుగెత్తుతోంది, కానీ చెప్పగలిగిన ప్రతి మాటా లోపల ఆ బ్యాగ్‌లాగే ఉంది, తెరిస్తే తెలిసిపోతుంది. పిల్లకు ఆ మౌనమే చాలు. బ్యాగ్ కింద పడింది, బిస్కెట్ పొట్లం ఎగిరి ఎక్కడో తగిలింది, రెండు కాళ్లూ కలిపి ముందు సీటును తన్నింది, మళ్లీ తన్నింది, పెద్దామె ఉలిక్కిపడి లేవబోయేసరికి ఒడిలోని సంచీ జారి నిమ్మకాయలు బస్సంతా దొర్లాయి, సీట్ల కిందికి, చెప్పుల మధ్యకు, మెట్ల దాకా. పెద్దామె నడుము పట్టుకుని మూలిగింది. వెనక నుంచి ఒకాయన, ఒక్కటి పెట్టమ్మా, సక్కగైతది అన్నాడు. అందరి కళ్లూ అఖిల మీద ఉన్నాయి, దిలీప్ వాళ్లమ్మ కళ్లు కూడా వాటిలో ఉన్నట్టే అనిపించింది, ఆమె చేయి లేచింది. ఇరవై ఏళ్లుగా మింగిందంతా ఆ చేతిలోకి వచ్చింది. సంజన తల దాచుకోలేదు, వెనక్కి జరగలేదు. చెంపను పైకెత్తి, కళ్లు మూసుకుని, ముందుకు పెట్టింది.

“కొట్టు మమ్మీ. కొడితె అయిపోతది. అప్పుడు నన్ను ఇడిసిపెట్టవు.”

చేయి గాల్లోనే ఉండిపోయింది. అంటే ఇన్నాళ్లూ పిల్ల లెక్క ఇదా, దెబ్బ పడితే తప్పు తీరిపోతుంది, తీరిపోతే ఇంట్లో ఉండనిస్తారు, అందుకేనా తండ్రి కొట్టాక అంత త్వరగా నిద్రపోయేది. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది అఖిలకు, ఇంత ఆలస్యంగా ఎందుకు తట్టిందో, ఈ కోపం కాగితం పువ్వు మీద కోపం కాదు, మూత పట్టని డబ్బా మీద కోపం కాదు. ఈసారి కోపం రావడంలో పిల్ల తప్పేమీ లేదు. చెప్పకుండా వదిలేసి పోబోతున్న మనిషి మీద ఎవరికైనా రావలసిన కోపమే వచ్చింది, రావలసినంతే వచ్చింది. చేయి దించింది. వెనకాయన ఏదో అంటున్నాడు, వినిపించలేదు. సీటులో పిల్ల వైపు పూర్తిగా తిరిగి, రెండు అరచేతులూ పిల్ల ముందు పెట్టింది. గోడ లేదు కదా బస్సులో. సంజన మొదట ఆ చేతులను కొట్టింది, గోళ్లతో గీసింది, తర్వాత తన చేతులు ఆనించి తోసింది, తల ఆనించి తోసింది, సీటుకు కాళ్లు తన్నిపెట్టి ఒళ్లంతా బిగబట్టి తోసింది, అఖిల మణికట్లు వెనక్కి వంగి నొప్పి పుట్టింది, అయినా తీయలేదు. ఇంత చిన్న ఒంట్లో ఇంత బలం ఎక్కడిదని ఆశ్చర్యపోయింది, ఇంత బలాన్ని రోజూ ఒక్కతే ఎలా మోస్తోందని జాలిపడింది. అప్పుడే గూడ్సు వచ్చింది. ఒక్కో పెట్టె దడదడమంటూ, కిటికీ అద్దాలు వణుకుతూ, ఆ చప్పుడులో సంజన నోరంతా తెరిచి అరిచింది, పొడుగ్గా, ఊపిరి అందేదాకా, బస్సులో ఎవరికీ వినిపించలేదు, ఎదురుగా ఉన్న అఖిలకు మాత్రమే వినిపించింది. ఆఖరి పెట్టె పోయింది. అరుపు ఏడుపైంది. ఏడుపు ఒళ్లో పడింది. చెమటకు తడిసిన జుట్టు, వెక్కిళ్లకు ఎగిరే వీపు, అఖిల ఆ వీపు మీద చేయి పెట్టి ఉంచింది, నిమరలేదు, తట్టలేదు, ఊరికే పెట్టి ఉంచింది.

గేటు లేచి బస్సు కదిలేటప్పటికి వెక్కిళ్లు దూరం దూరమయ్యాయి. అప్పుడు చెప్పింది అఖిల, నీకు చెప్పకుండ తీస్కచ్చిన సంజూ, నిన్ను తాత దగ్గర ఉంచుదామనుకున్న, చెప్పకపోవుడు నా తప్పే అని. పిల్ల తల ఎత్తలేదు, కానీ చెవి ఇటే ఉందని తెలుస్తూనే ఉంది.

“ఇప్పుడైతే ఇడువ. ఇద్దరం పోతం, ఇద్దరం వాపస్ వస్తం. నీకు కోపమొచ్చినప్పుడు నీ పక్కనే కూసుంట. చాతనైనంత.”

“మరి నీకు బట్టల్లేవు గదా.”

“అమ్మమ్మ చీర కట్టుకుంట.”

అమ్మమ్మ లావుంటది, నీకు లూజ్ అయితది అంది సంజన. చీర లూజ్ కాదు పిచ్చిదానా అనబోయి అఖిల నవ్వేసింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా నిమ్మకాయలు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దొర్లుతున్నాయి, కోపం వచ్చుడు తప్పు కాదు గని ఆ అవ్వ నిమ్మకాయలు పడేసుడు తప్పు, పా ఏరుదాం, అని ఆమె ముందు తానే సీటు కిందికి వంగింది. తల్లీకూతుళ్లు ఇద్దరూ నడుస్తున్న బస్సులో మోకాళ్ల మీద పాకారు. జనం కాళ్లు పైకెత్తారు, ఒకరు గొణిగారు, ఒకరు నవ్వారు, ఒక్కటి పెట్టమన్నాయన చెప్పుతో ఒక నిమ్మకాయను ఆపి, వంగి తీసి, సంజన చేతిలో పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దొర్లే కాయను పట్టుకోవడంలో పిల్లకు ఆట పుట్టింది, ఒకటి చేతికి అందినట్టే అంది జారిపోయింది, మళ్లీ జారిపోయింది, పిల్ల పెదవి బిగుసుకుంది, అఖిల ఊపిరి ఆగింది, సంజన రెండు చేతులూ నేల మీద ఆనించి గట్టిగా నొక్కి, ఒక పెద్ద ఊపిరి వదిలి, మళ్లీ పాకింది. పెద్దామె సంచీలో పడ్డ ఒక్కో కాయనూ తిప్పి తిప్పి చూసుకుంది. నా నడుము పట్టేసింది పిల్లా, అంది కోపంగానే. సారీ, అంది సంజన. సారీ నాకెందుకు, ఇంకోసారి తన్నకు, అని పెద్దామె సంచీ మూతి ముడేసి ఒడిలో గట్టిగా పెట్టుకుంది. అంతే, ఎవరూ కరిగిపోలేదు, ఎవరూ పిల్లను దగ్గరికి తీసుకోలేదు, అయినా అఖిలకు ఒళ్లు తేలికైంది, ఎందుకంటే మొదటిసారి ఒక గొడవకు అంచు కనిపించింది, అది మొదలై, అయిపోయింది.

ఎడపల్లి దాటాక రాజశేఖర్‌కు ఫోన్ చేసింది. పిల్లను వదిలిపెట్టడం లేదని, రెండు రోజులుండి ఇద్దరం ఇంటికే పోతామని, బడి సంగతి సుచిత్ర టీచర్‌తో కూర్చుని మాట్లాడతానని, ఇక పిల్ల మీద చేయి ఎత్తొద్దని చెప్పింది, బతిమాలకుండా. అవతల మిషన్ చప్పుడు. ఎప్పుడైనా తాను ఇలా చెప్పిందా, అడగకుండా, చెప్పిందా? అతను మిషన్ ఆపినట్టున్నాడు, చప్పుడు తగ్గిపోయి పొలం మీద పిట్టల అరుపులు వినిపించాయి. పిల్ల తిన్నదా, అని అడిగాడు. బిస్కెట్లు తింటుందని చెప్పింది. కొట్టద్దు అంటున్నవు, మరి నేనేం జెయ్యాలె, అన్నాడు, అది వాదన కాదు, నిజంగానే తెలియక అడుగుతున్న గొంతు. ఇంటికొచ్చినంక చెప్త, నాకు గూడ ఇయ్యాల్నే తెలిసింది, అంది. కిటికీలోంచి కోసిన మళ్లూ కోయని మళ్లూ పక్కపక్కనే పోతున్నాయి. సంజన బిస్కెట్ పొడి గౌను మీద నుంచి దులుపుకుంటూ, దిలీప్‌కు ఇంక నొస్తుందా మమ్మీ, అని అడిగింది, అడిగి జవాబు కోసం ఆగకుండా, నాకు పువ్వు వస్తలేదు, వాడు నవ్విండు, అంది. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టడం పిల్ల మొదటిసారి చేసింది. నొస్తుండొచ్చు, పోయి అడుగుదామా, అంది అఖిల. నువ్వు గూడ రావాలె, అంది సంజన.

బోధన్ బస్టాండులో బాపు గేటు పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు, తెల్ల పంచె, భుజం మీద తువ్వాల, పక్కన ఆయన పాత మోపెడ్. కిందటిసారి కంటే ఒళ్లు ఇంకా కొంచెం తగ్గింది. బ్యాగ్ అందుకుని, మనవరాలి నెత్తి మీద చేయి వేసి, గింత ఎర్రగైందేంది మొకం అన్నాడు. అఖిల ఇక మనసు మారకముందే చెప్పేసింది, బాపు, పిల్లను ఇడిసిపోను, రెండు దినాలుండి ఇద్దరం పోతం అని. ఆయన ఎందుకని అడగలేదు. నీ ఇష్టం బిడ్డా అన్నాడు, అని బండి వైపు తిరిగి కిక్ కొట్టాడు. పట్టలేదు. మళ్లీ కొట్టాడు. దగ్గి ఆగిపోయింది. మళ్లీ, మళ్లీ, పంచె మోకాళ్ల దాకా ఎగదోసుకుని, పళ్ల మధ్య ఏదో తిట్టు నలుగుతూ, మెడ మీద నరం లేచింది, ఆఖరికి బండి సీటు మీద పిడికిలితో గుద్దాడు, స్టాండు జారి బండి పక్కకు ఒరిగింది, నలుగురు తిరిగి చూశారు. అఖిల కాళ్లు వాటంతట అవే వెనక్కి అడుగులు వేశాయి. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ ఒళ్లు, ఒక పిల్ల తల్లి, నట్టెండలో, బస్టాండు మధ్యలో, గుమ్మి కోసం వెతుక్కుంది.

సంజన ఆమె కొంగు పట్టుకుని తాతనే చూస్తోంది. భయపడినట్టు లేదు. తెలిసినదాన్ని చూస్తున్నట్టు ఉంది.

“మమ్మీ, తాతకు కోపమొచ్చిందా?”

“వచ్చింది.”

“మరి తాత దగ్గర ఎవరుంటరు?”

అప్పట్లో అమ్మ మెతుకులు ఏరేది. పక్కింటివాళ్లు తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్లు. తాను గుమ్మి వెనక. చెరుకులోకి ఒక్కడే పోయేవాడు, అంతసేపు లోపల ఏం చేసేవాడో ఇన్నేళ్లలో ఒక్కరూ పోయి చూడలేదు. బ్యాగ్ మోస్తున్న మనిషి, ఒరిగిన బండిని మోకాలితో ఆపుకుంటూ ఒంటరిగా ఎండలో నిలబడి ఉన్నాడు, చుట్టూ అంత ఖాళీ. ఆమె నడిచింది. ఆయన కోపంలో ఉండగా ఆయన వైపు నడవడం పుట్టినప్పటి నుంచి ఇదే మొదటిసారి, ఉన్నది నాలుగడుగుల దూరమే. చెమటకు తడిసిన ఆయన చొక్కా మీద, వీపు మధ్యలో, అరచేయి పెట్టింది. ఎముకలు తగిలాయి. వాటి వెనక ఏదో దడదడ కొట్టుకుంటోంది, ఇందాక బస్సులో పిల్ల వీపు కింద కొట్టుకున్నంత వేగంగా. బాపు ఉలిక్కిపడి ఆగిపోయాడు. పిడికిలి సీటు మీదే ఉంది, విప్పలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత బండి వైపే చూస్తూ, ఆమెకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నాడు.

“మీరొస్తరని పొద్దుగాల్నే తుడిసి పెట్టిన బిడ్డా దీన్ని. పిల్లను ఎండల నిలవెడితి.”